మూడు కొటేషన్లు, ఒకే అక్షరదోషం

ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పర్చేజ్ సెక్షన్ అధికారిగా పనిచేసి రిటైరైన నన్ను ఇప్పటికీ వెంటాడే ఫైలు ఒకటుంది. ప్రయోగశాలకు గాజు సామగ్రి కొనడానికి వచ్చిన మూడు కొటేషన్లు, అంటే దుకాణాలు తమ ధరలు రాసి ఇచ్చే కాగితాలు, అందులో ఉన్నాయి. మూడు వేర్వేరు దుకాణాల పేర్లు, మూడు రంగుల లెటర్‌హెడ్లు. కానీ మూడింటిలోనూ ‘పిపెట్’ (ద్రవాన్ని కొలిచి తీసే గాజు గొట్టం) అన్న మాట స్పెల్లింగు ఒకే తీరుగా తప్పింది. ఆ మూడు చోట్లా పెన్సిలుతో సున్నా చుట్టి, కారణమేమీ రాయకుండా, "రేట్లు మళ్లీ తెప్పించవలెను" అని మాత్రం నోట్ పెట్టి ఫైలు కిందికి పంపాను. తోటివారిని అనుమానించినట్లు కాగితం మీద కనబడకూడదన్న మొహమాటమే అందుకు కారణం.

కొనుగోళ్ల సిబ్బంది నడవడికి నియమాలు లేవని ఎవరూ అనలేరు. కేంద్ర ప్రభుత్వ ఖర్చులకు వర్తించే 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలోని 175వ నిబంధన లంచం అడగడాన్నీ, పుచ్చుకోవడాన్నీ, టెండరు వేసేవారి కుమ్మక్కునూ, టెండరు సమాచారాన్ని అక్రమంగా వాడుకోవడాన్నీ నిషేధించి, ప్రయోజనాల వైరుధ్యం, అంటే సొంత లాభానికీ ఉద్యోగ బాధ్యతకూ పొసగని పరిస్థితి, ఉంటే బయటపెట్టాలని చెబుతుంది. అయితే నా దృష్టిలో అంతకంటే పదునైనది 155వ నిబంధన. అది వచ్చిన నాటి లెక్క ప్రకారం, 25 వేల రూపాయలు దాటి రెండున్నర లక్షల దాకా కొనే సరుకుకు ముగ్గురు సభ్యుల కమిటీ బజారు చూసి, ధర, నాణ్యత సరిచూసుకుని, తాము ఉమ్మడిగానూ విడివిడిగానూ సంతృప్తి చెందామని ధ్రువీకరించి సంతకాలు చేయాలి. ‘విడివిడిగానూ’ అన్న ఆ ఒక్క మాట ఉన్నందువల్ల, "పెద్దాయన పెట్టమన్నారు, పెట్టాను" అని ఎవరూ తప్పించుకోలేరు. ఆచరణలో మాత్రం ముగ్గురూ కుర్చీల్లోంచి లేవకుండానే, ముందే టైపు చేసి ఉంచిన ధ్రువపత్రం కింద సంతకాలు చేసి టీ తాగి వెళ్లడం చూశాను. ఆ ముగ్గురిలో ఒకడిగా కొన్నిసార్లు నేనూ కూర్చున్నాను.

మేము పాటించిన 1964 నాటి కేంద్రోద్యోగుల ప్రవర్తనా నియమావళి ఎప్పుడో ఒక పూట భోజనాన్నో, బండి మీద లిఫ్టునో బహుమతిగా లెక్కించదు. కానీ తమతో అధికారిక లావాదేవీలున్న సంస్థల నుంచి ఆడంబరంగా గానీ, తరచుగా గానీ ఆతిథ్యం తీసుకోవద్దంటుంది. ఆ ‘తరచుగా’ దగ్గరే ఉంది కిటుకంతా. కంపెనీ ప్రతినిధి మొదటి ఏడాది ‘సార్’ అంటాడు, దీపావళికి మిఠాయి డబ్బా, కొత్త సంవత్సరానికి డైరీ ఇస్తాడు, రెండో ఏడాదికి ‘అన్నా’ అంటూ చెల్లెలి పెళ్లి శుభలేఖ తెస్తాడు, ఆ తర్వాత ఒక సాయంత్రం, "ఇంకెవరెవరు రేటేశారన్నా?" అని అడుగుతాడు. అప్పటికి కాదనడానికి మనకు నోరు రాదు.

కొనే వస్తువు ఎలా ఉండాలో చెప్పే స్పెసిఫికేషన్ల సంగతి ఇంకా చిక్కు. ఒకసారి సెంట్రిఫ్యూజ్ (నమూనాలను వేగంగా తిప్పి వేరుచేసే యంత్రం) కావాలంటూ ఒక ప్రొఫెసరుగారి నుంచి వచ్చిన ఇండెంటులో, అంటే కొనుగోలు కోరే పత్రంలో, యంత్రం పొడవు వెడల్పులు మిల్లీమీటర్లలో, పైపూత రంగుతో సహా ఉన్నాయి. ఒక కంపెనీ బ్రోచర్ పక్కన పెట్టుకుని రాసినదని చూడగానే తెలిసిపోతుంది. అక్కరలేని హంగులు చేర్చకూడదని ఆ ఆర్థిక నియమావళిలోని 144వ నిబంధన చెబుతున్నా, సెక్షన్ గుమాస్తా "ఈ రంగే ఎందుకండీ?" అని ప్రొఫెసరుగారిని అడగాలంటే, "మీకు సైన్సు తెలుసా?" అన్న జవాబుకు సిద్ధపడే అడగాలి. కిందివాడి ప్రశ్నను ఫైలులో నిలబెట్టే పై అధికారి లేనిచోట ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా దండగే. మార్చిలో నిధులు మురిగిపోతాయన్న తొందరలో ఒకే ఇండెంటును ముక్కలు చేసి పరిమితి లోపల చూపడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. 157వ నిబంధన దాన్ని వద్దంటుందని ముక్కలు చేసేవారికే బాగా తెలుసు.

గాజు సామగ్రి ఫైలు వారం తిరగకముందే నా బల్ల మీదికి వచ్చింది. అవే మూడు దుకాణాలు. రేట్లు అక్కడక్కడా పదో పాతికో తగ్గాయి. నేను చుట్టిన సున్నాలు మా గది దాటి వెళ్లే వీలు లేదు, వాటిని చూసినవాళ్లం ముగ్గురమే. కొత్త కొటేషన్లు మూడింటిలోనూ ‘పిపెట్’ స్పెల్లింగు సరిగ్గా ఉంది.