సిమెంటు ఊడగొట్టి సున్నం పెట్టాం

పోయిన ఏడాది జూలైలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకి మా మెట్ల దగ్గర దబ్బున పెద్ద శబ్దం వచ్చింది. పరిగెత్తుకెళ్లి చూస్తే ఉత్తరం గోడ మీద నుంచి తలుపు రెక్కంత ప్లాస్టింగ్ పెచ్చు ఊడి, సరిగ్గా పిల్లలు సాయంత్రాలు సైకిళ్లు పెట్టుకునే చోట ముక్కలై పడి ఉంది. అదృష్టం, ఆ టైముకి అక్కడ ఎవరూ లేరు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కిందికి దిగి ఒక పెచ్చు తిరగేసి చూశాను. వెనక వైపంతా ఎర్రగా ఉంది. అంటే సిమెంటు తానొక్కటే ఊడలేదు, ఇటుక ముఖాన్ని కూడా పావు అంగుళం మందాన పీక్కుని వచ్చింది. వెళ్లి గోడని వేలితో రాస్తే ఇటుక పొడి పొడిగా రాలింది.

మాది విజయనగరంలో, గంటస్తంభానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మూడంతస్తుల బిల్డింగ్. తొమ్మిది ఇళ్లు. కట్టింది 1978లో. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న, కాబట్టి మన బిల్డింగ్ జిల్లా కంటే ఏడాది పెద్దదని కింది ఇంటి మాస్టారు వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతారు. అప్పట్లో దీన్ని అపార్ట్‌మెంట్ అనేవాళ్లు కాదు, పోర్షన్లు అనేవాళ్లు. అద్దెలకని కట్టించిన పెద్దాయన తరువాత ఒక్కొక్కటీ అమ్మేశారు. ఇందులో ఎక్కడా పిల్లర్లు లేవు. కింద పదమూడున్నర అంగుళాల గోడ, పై రెండంతస్తులకీ తొమ్మిది అంగుళాల గోడ, వాటి మీదే స్లాబులు కూర్చున్నాయి. గోడలకి ఇటుకల మధ్య పెట్టిన మాలు సున్నంది. 1978లో సున్నమేమిటని నేనూ ఆశ్చర్యపోయాను. ఆ రోజుల్లో సిమెంటు ప్రభుత్వ కంట్రోల్లో ఉండేది, పర్మిట్ లేకుండా బస్తా దొరకడం కష్టం. ఆ కంట్రోలు 1982లో కొంత, 1989లో పూర్తిగా ఎత్తేశారు. అందుకని దొరికిన సిమెంటు స్లాబులకీ లింటెళ్లకీ దాచుకుని, గోడలు గానుగలో నూరిన సున్నంతో లేపారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా. ఆ గాలికి మా పిట్టగోడ ఒక పక్క పడిపోయింది, పాత సున్నం పూత చాలా చోట్ల రాలింది. మరుసటి ఏడాది అందరం తలా కొంత వేసుకుని ఒక కాంట్రాక్టరుతో బయట గోడలన్నిటికీ మందంగా సిమెంటు ప్లాస్టింగ్ చేయించి, దాని మీద ప్లాస్టిక్ లాంటి పెయింటు రెండు కోట్లు వేయించాం. చూసినవాళ్లంతా బిల్డింగ్ కొత్తదైపోయిందన్నారు. మాకూ సంతోషమే. నాలుగేళ్లు గడిచాక లోపలి గోడలకి అడుగు ఎత్తున తెల్లగా ఉప్పు పొంగడం మొదలైంది. గీకి పుట్టీ పెట్టి రంగు వేసేవాళ్లం, ఆరు నెలలకి మళ్లీ అదే. ఇలా గీకడానికే ఎన్ని వేలు పోశామో.

నేను ఇంజనీర్ని కాదు. కానీ ఆ పెచ్చు పడిన తరువాత దొరికినదల్లా చదివాను, నలుగురు మేస్త్రీలతో మాట్లాడాను, అప్పుడు గానీ అర్థం కాలేదు మేం చేసిన తప్పేమిటో. పాత ఇటుక గోడలో ఎప్పుడూ కొంత చెమ్మ ఉంటుంది. నేల నుంచి పైకి పాకుతుంది, వానకి పీల్చుకుంటుంది. సున్నం మాలుకి సన్నటి రంధ్రాలు ఉంటాయి, చెమ్మ ఆ దర్జుల్లోంచి, అంటే ఇటుకల మధ్య మాలు నింపిన సందుల్లోంచి, బయటికి ఆరిపోతుంది, నీళ్లతో పాటు వచ్చిన ఉప్పు కూడా దర్జులోనే గడ్డకడుతుంది, కొన్నేళ్లకి దర్జు కాస్త గుల్లవుతుంది, మేస్త్రీని పిలిచి గీకి మళ్లీ నింపుకుంటాం. ఇటుక మాత్రం బాగానే ఉంటుంది. అదే గోడని సిమెంటుతో, పెయింటుతో మూసేస్తే నీళ్లకి దారి లేదు. ఉప్పు ఇటుక లోపలే, పైపొర వెనక గడ్డకడుతుంది, ఆ స్ఫటికాలు పెరిగేటప్పుడు ఇటుకని లోపల్నుంచి పగలగొడతాయి. పైగా సిమెంటు గట్టిది, ఎండకీ వానకీ గోడ కొద్దిగా కదిలితే అది వంగదు. అప్పుడు మెత్తగా ఉన్నది విరుగుతుంది. మా గోడలో మెత్తగా ఉన్నది ఇటుకే.

చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రీ గోడ మీద చెయ్యి వేసి చూసి ఒక్క మాటలో చెప్పేశారు. "గోడకి ఊపిరి ఆడనివ్వలేదమ్మా మీరు" అన్నారు. డెబ్బై దాటిన మనిషి. ఆయన తండ్రి గానుగ తిప్పించి సున్నం నూరించినవారట. అంతకుముందు వచ్చిన ఇద్దరు, మిషన్ పెట్టి మొత్తం కొట్టేసి మళ్లీ ఇంకా మంచి సిమెంటుతో చేసేద్దామన్నారు. ఈయన మిషన్ అనేసరికి తల అడ్డంగా ఊపారు. "మిషన్ పెడితే పెచ్చుతో పాటు ఇటుక అంచులు కూడా పోతాయి, ఉలితోనే నెమ్మదిగా తియ్యాలి, బేగి అయిపోవాలంటే మాత్రం నన్ను పిలవొద్దు" అన్నారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

తొమ్మిది ఇళ్లని ఒప్పించడం మాత్రం గోడ కంటే కష్టమైంది. సున్నమంటే పేదవాళ్ల పని అని కొందరి ఉద్దేశం. మాస్టారు నా పక్షాన నిలబడ్డారు. చివరికి మూడు మీటింగుల తరువాత, ఇంటికి నలభై అయిదు వేలు చొప్పున రెండు విడతల్లో ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పని పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ అయ్యాక, దీపావళి కూడా దాటాక మొదలుపెట్టాం. వానలు కాస్త తగ్గుతాయి, ఎండలు ముదరవు, సున్నం పనికి అది మంచి అదును.

ముందు చేసిన పని గోడది కాదు, నీళ్లది. డాబా మీద నీళ్లు పోయే పైపు ఒకటి మోచేయి దగ్గర పగిలి ఎన్నాళ్ల నుంచో గోడలోకి కారుతోంది. పిట్టగోడ మొదట్లో రావి మొక్క ఒకటి ఉండేది, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు పైకొమ్మలు విరిచేసేవాళ్లు, అది మళ్లీ చిగురించేది. అక్కడ ఇటుకలు విప్పితే వేరు నా మణికట్టంత లావుంది, రెండు వరసలు పైకి లేపేసింది. పైపు మార్చి, వేరు మొత్తం తీసి, స్లాబు మీద నీళ్లు జారిపోయేలా వేసిన ఇటుక జల్లీ సున్నం వాటం సరిచేసి, అప్పుడు గోడ జోలికి వచ్చాం. ఇది తిరగేసి చేసి ఉంటే పెట్టిన డబ్బంతా మొదటి వానకే కొట్టుకుపోయేది.

రెండోది, మెట్ల పక్కన కింది నుంచి పైదాకా మెట్లు మెట్లుగా పాకిన పగులు. నాకు దాన్ని చూస్తేనే టెన్షన్. మేం పిలిచిన ఇంజనీరు జూలై చివర్లోనే దానికి అడ్డంగా మూడు చోట్ల సన్నటి అద్దం ముక్కలు ప్లాస్టరుతో అతికించి, పక్కన తేదీ గీసి వెళ్లారు. పగులు కదులుతుంటే అద్దం విరుగుతుంది. విరిగితే పునాది సంగతి చూడాలి, విరగకపోతే గోడ బాగుచేసుకుంటే చాలు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు వానలు వెళ్లిపోయాయి. రోజూ పొద్దున్న పాలప్యాకెట్టుకి దిగినప్పుడు ముందు అద్దాలు చూసేదాన్ని. ఒక్కటీ విరగలేదు.

ఆ ఇంజనీరు ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. కింది వరసలో ఒకాయన రోడ్డు వైపు గోడ తీసేసి షట్టరు పెట్టి షాపు చేద్దామనుకుంటున్నారు. పిల్లర్లు ఉన్న బిల్డింగ్‌లో ఇటుక గోడ తడిక లాంటిది, తీసినా స్లాబు నిలబడుతుంది. మా దాంట్లో ఇటుక గోడే పిల్లరు. ఒక గోడ తీస్తే పైన ఉన్న రెండిళ్లు గాల్లో ఉన్నట్టే. మన ఊళ్లో పాత మేడలు షాపులుగా మారుతున్న ఈ రోజుల్లో ఈ సంగతి ఎంతమంది అడిగి తెలుసుకుంటున్నారో అని నాకు నిజంగా భయం.

సరుగుడు కర్రలతో పరంజా కట్టి, ఉలి పనికి అయిదు వారాలు పట్టింది. ముందు వైపు సిమెంటు ఊడుతుంటే ఒక మధ్యాహ్నం మేస్త్రీ నన్ను పిలిచారు. కిటికీల మీద ఇటుకలని ఏటవాలుగా చెక్కి, విసనకర్ర విప్పినట్టు పేర్చిన ఆర్చీలు. ఆరు కిటికీలకీ ఉన్నాయి. నేను ఈ బిల్డింగ్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను, వాటిని ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే మేం వచ్చేటప్పటికే వాటి మీద ఏదో ఒక పూత ఉంది. ఎవరు పేర్చారో తెలియదు గానీ ఒక్కొక్క ఇటుకనీ రాపాడి సైజు తెచ్చిన చేతులు. మాస్టారు కుర్చీ వేసుకుని అక్కడే చాలాసేపు కూర్చున్నారు. ముందు గోడకి ఇంక ప్లాస్టింగ్ వద్దు, దర్జులు నింపి ఇటుక అలాగే వదిలేద్దామని ఆ సాయంత్రమే అందరూ అన్నారు, మీటింగు కూడా అక్కర్లేకపోయింది.

పాడైన ఇటుకల బదులు కొత్తవి పెట్టాలంటే సైజు కుదరదు, గట్టిదనం కుదరదు. ఊళ్లో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే వెళ్లి ఎనిమిది వందల ఇటుకలు ఏరుకొచ్చాం. రెండు ఇటుకలు ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమనాలి, మొద్దుగా మోగితే పక్కన పెట్టేయడమే. నేను కొన్నిటిని వంటింటి కాటాలో తూచి, ఇరవై నాలుగు గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూచాను. పీల్చుకున్న నీళ్లు ఇటుక బరువులో 20 శాతం దాటకూడదు. ఒకటి 2.8 కిలోల నుంచి 3.3 కిలోలకి వెళ్లింది, అంటే 18 శాతం దగ్గర, పనికొస్తుంది. పగులు ఉన్న చోట చీలిన ఇటుకలని ఒకేసారి కాకుండా, జాకీలు పెట్టి, ఒకటి విడిచి ఒకటి తీస్తూ, మంచి ఇటుకని రెండు పక్కల గోడలోకీ దిగేలా కూర్చారు.

ఇక సున్నం. కొనేటప్పుడు ఐఎస్ 712లో, అంటే కట్టుబడి సున్నానికి ఉన్న భారత ప్రమాణంలో, అది ఏ క్లాసుదో అడగాలి. సి క్లాసు మెత్తటి తెల్ల సున్నం, పూతలకి బాగుంటుంది, ఏ, బి క్లాసుల సున్నం నీళ్లలో కూడా గట్టిపడుతుంది. మాకు దొరికింది సి క్లాసే, అందుకని సుర్కీ కలిపాం. సుర్కీ అంటే కాల్చిన ఇటుక, పెంకు ముక్కల పొడి, అది సున్నంతో కలిసి చెమ్మలో కూడా పట్టు ఇస్తుంది. కాల్చిన సున్నపురాయికి నీళ్లు పోస్తే సలసలా మరుగుతుంది, చిమ్మితే కళ్లు పోతాయి, కళ్లద్దాలూ గ్లవుజులూ లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నెల రోజులు నీళ్ల కిందే మాగనిచ్చాం, వెన్నలా అయింది. ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ, రెండు పాళ్లు చంపావతి నది ఇసుక. సముద్రం ఇసుక చవకని ఎవరైనా అంటే వినొద్దు, దాంట్లో ఉప్పుంటుంది, మన బాధే ఉప్పు. డాబా పనికి మాత్రం మేస్త్రీ కరక్కాయలూ బెల్లమూ నానబెట్టిన నీళ్లు కూడా వాడారు, ఆ కొలత ఆయన చేతిలో ఉంది, నేను రాసుకోలేకపోయాను.

దర్జులని అంగుళం లోతు గీకి, బ్రష్‌తో దుమ్ము దులిపి, గోడని బాగా తడిపి, మాలు గట్టిగా కూరారు. మిగతా మూడు వైపులా పూత వేశారు, ఒక్కో పొర అర అంగుళం లోపే, ఒకటి గట్టిపడ్డాక ఇంకొకటి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్లీ రాయిలా మారుతుంది, దానికి వారాలూ నెలలూ పడుతుంది, ఈలోగా ఎండకి ఒక్కసారిగా ఆరితే పొడైపోతుంది. అందుకే గోనెసంచులు తడిపి వేలాడదీశాం. మేస్త్రీ గారు వెళ్లిన సాయంత్రాలు నీళ్లు కొట్టే పని నాదీ, మూడో అంతస్తు కుర్రాళ్లదీ. పైన రంగు కూడా సున్నమే, మూడు చేతులు. పెయింటు కావాలని పట్టుబట్టిన ఇంటివాళ్లు లోపలి గదుల్లో వేసుకున్నారు, బయట మాత్రం ఒప్పుకోలేదు.

మార్చికి పని అయింది. ఈ వానాకాలం ఉత్తరం గోడ వాన పడిన రోజు ముదురు రంగుకి తిరిగి, రెండు రోజులు ఎండ కాస్తే మళ్లీ తెల్లబడుతోంది. లోపల ఉప్పు ఇంకా కొద్దిగా రాలుతోంది, పాతది బయటికి వస్తోందని మేస్త్రీ అన్నారు, తడిగుడ్డ పెట్టకుండా పొడి బ్రష్‌తో దులిపేస్తున్నాం. వెనక వైపు పిట్టగోడ పన్నెండు అడుగులు మిగిలింది, ఇటుకలు చాలలేదు. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, మూడు అంగుళాల మందం పాత నాటు ఇటుకలు ఓ మూడు వందలు కావాలి. మీ వీధిలో ఏదైనా పాత ఇల్లు పడగొడుతుంటే, ఆ ఇటుకలు రోడ్డు గుంతల్లోకి పోకముందే చెప్పండి, ఆటో వేసుకుని నేనే వస్తాను.