నందికొండ, విజయపురి, నాగార్జునకొండ: సాగర్ బౌద్ధయాత్ర

సాగర్ యాత్రలో మేం ముందు ఆగింది నందికొండలో. డ్యామ్‌కు మొదట వచ్చిన పేరు ఈ ఊరిదే. 1952లో ఖోస్లా కమిటీ సరైన చోటని తేల్చింది నందికొండ దగ్గరే కాబట్టి, అప్పట్లో అందరూ నందికొండ ప్రాజెక్టు అనే అనేవారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన చోట పైలాన్ అనే స్మారక స్తంభం ఉంది. జలాశయంలో మునగబోయే నాగార్జునకొండ లోయ గుర్తుగా ఆనకట్ట నాగార్జునసాగర్ అయింది. పాత పేరు మాత్రం పోలేదు, ఎడమగట్టు మున్సిపాలిటీ ఇప్పటికీ నందికొండే.

నది దాటితే కుడిగట్టున విజయపురి సౌత్. క్రీ.శ. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని పేరది. బోధిసిరి అనే ఉపాసిక (బౌద్ధ గృహస్థురాలు) వేయించిన శాసనంలో, శ్రీపర్వతం (నాగార్జునకొండ పాత పేరు) మీద విజయపురికి తూర్పు దిక్కున చుళధమ్మగిరి విహారం ఉందని స్పష్టంగా చెక్కారు. ఆ రాజధాని నీళ్ల కింద ఉండిపోయింది, పేరు గట్టెక్కింది.

ఇప్పుడు జలాశయంలో దీవిగా మిగిలిన నాగార్జునకొండకు లాంచీ ఇక్కడి రేవు నుంచే ఎక్కాం. శుక్రవారం వెళ్లకండి, కొండమీది మ్యూజియం మూసేస్తారు. గాలి ఎక్కువైతే లాంచీలు ఆపేస్తారు, అందుకే పొద్దున్నే రేవుకు చేరడం మంచిది. దిగాక తిరుగు లాంచీ ఎప్పుడో సిబ్బందిని అడిగి తెలుసుకోండి. లేకపోతే మ్యూజియం హడావిడిగా చూడాల్సి వస్తుంది, అది అన్యాయం.

లోయ నుంచి తెచ్చి పైన మళ్లీ కట్టిన మహాచైత్యం (పెద్ద స్తూపం) దగ్గర కాసేపు నిలబడండి. లోపలి గోడలు బండిచక్రం ఆకుల్లా నడుమ నుంచి అంచుకు సాగుతాయి. మట్టి నింపిన గుమ్మటం బరువును పంచుకునేవి అవే. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన అరుగుల మీద ఐదేసి స్తంభాలు నిలిపేవారు, వాటినే ఆయక స్తంభాలంటారు. దీన్ని కట్టించిన చాంతిసిరి ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి తోబుట్టువు. ఆమె దానాన్ని మనకు చెప్పింది ఆ స్తంభాల మీది శాసనాలే.

కొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడు చివరి రోజులు శ్రీపర్వతం మీద గడిపాడని టిబెట్ బౌద్ధుల నమ్మకం. ఇక్ష్వాకుల శాసనాల్లో మాత్రం ఆయన ప్రస్తావన లేదు. గైడ్లు ఈ రెండింటినీ కలిపేసి చెబుతుంటారు, విడదీసి వినాలి.

తిరిగొచ్చాక పొద్దుంటే అనుపు చూసి రండి. 1954-60 తవ్వకాల్లో బయటపడి, మునిగిపోకుండా తరలించిన రంగస్థలం, విహారం, హారీతి అనే బౌద్ధ దేవత గుడి అక్కడే ఉన్నాయి. ఆటో మాట్లాడుకునేటప్పుడు రానుపోను కలిపి, అక్కడ ఆగేలా మాట్లాడుకోండి. తిరుగు బండి దొరకడం కష్టం.