నెల్లీ మోజర్ మళ్ళీ తల వేలాడేసింది – క్లెమాటిస్ లాగ్, జూన్

ఇవాళ పొద్దున చూసేసరికి నెల్లీ మోజర్ అనే నా పెద్ద పూల క్లెమాటిస్ (ఎగబాకే పూలతీగ) మళ్ళీ తల వేలాడేసింది. నిన్న సాయంత్రం కొలిస్తే 62 సెంటీమీటర్లుంది, చివర్న మొదటి మొగ్గ కూడా కట్టింది, ఆకులు నిగనిగలాడుతున్నాయి. తెల్లారేసరికి తీగంతా ఉడకబెట్టినట్టు మెత్తగా వాలిపోయి ఉంది. మేలో కూడా అచ్చం ఇలాగే ఒక పెద్ద తీగ పోయింది, దాని తర్వాత ఎంతో ఆశగా చూసుకున్న తీగ ఇది, కడుపు తరుక్కుపోయింది. కానీ ఈసారి వాలిన తీరు పైకి ఒకేలా ఉన్నా కారణం వేరు, అది దాదాపు ఖాయంగా పట్టుకున్నాననే అనుకుంటున్నా, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. క్లెమాటిస్ వాలితే చాలు అందరూ "విల్ట్ (తీగ వాలిపోయే తెగులు) అయ్యుంటుంది" అనేసి ఊరుకుంటారు, అలా ఊరుకుంటే రెండో కారణం ఎప్పటికీ దొరకదు.

మిగతావి ఒక్క ముక్కలో చెప్పేస్తా. పక్కనే పెట్టిన పోలిష్ స్పిరిట్ అనే క్లెమాటిస్ రకం 1.4 మీటర్లు దాటింది, ఒక్క ఆకు కూడా పాడవలేదు. కుండీలో ఉన్న పీలు అనే ఇంకో రకం మొగ్గలేసింది. అంతే.

ఇక నెల్లీ మోజర్ సంగతి. పోయిన సెప్టెంబర్‌లో నేల ఇంకా వెచ్చగా ఉండగానే నాటా, గోడకి 40 సెంటీమీటర్ల దూరంలో, వేళ్ళ ముద్ద పైభాగం నేలమట్టానికి 7 సెంటీమీటర్లు కిందికి ఉండేలా. మార్చి మొదట్లో 30 సెంటీమీటర్లకి కత్తిరించా. ఇది పాత కొమ్మల మీద పూసే రెండో గ్రూపు కదా, మొదటి ఏడాది పూలు పోతాయని కొందరు కత్తిరించరు, నాకైతే మొదటి ఏడాది పూల మీద అసలు ఆశే లేదు, మొదలు నుంచి నాలుగు కొమ్మలు రావడమే కావాలి. ఏప్రిల్ చివరికి మూడు తీగలు లేచాయి.

మే మధ్యలో వాటిలో అన్నిటికన్నా పొడుగుది, 48 సెంటీమీటర్లది, మధ్యాహ్నం ఎండలో వాలింది. మొదట దాహమేమో అనుకుని చూశా. వేలు పెడితే 8 సెంటీమీటర్ల లోతున మట్టి చల్లగా తడిగా తగిలింది. అయినా సాయంత్రం ఒక క్యాన్ నీళ్ళు పోసి పొద్దున్నే చూశా, ఎందుకంటే దాహంతో వాలిన తీగ రాత్రికి రాత్రి లేచి నిలబడుతుంది, ఇది లేవలేదు సరికదా ఆకులు నల్లబడడం మొదలెట్టాయి. అంటే నీళ్ళ లోటు కాదు.

తర్వాతి అనుమానం చలి. పొద్దున పూట 10 సెంటీమీటర్ల లోతున నేల 9 డిగ్రీలుంది, రాత్రి గాలి 4 డిగ్రీలకి పడింది, మంచు మాత్రం పడలేదు. మంచు దెబ్బైతే ముందు లేత చివర్లు నల్లబడతాయి, మూడు తీగలకీ ఒకేసారి తగులుతుంది. ఇక్కడ మిగతా రెండూ నిటారుగా ఉన్నాయి. ఇంకో ఊహ కూడా చేశా, నేల 9 దగ్గరుండి పగలు గాలి 19కి పోతే చల్లటి వేళ్ళు నీళ్ళు లాగడంలో వెనకబడి ఆకులు ముందే ఆరిపోతాయేమో అని. చలి ప్రాంతంలో ఇది నిజంగా ఉండే ఇబ్బందే, కానీ అలాగైతే అదే మొదలు నుంచి వచ్చిన పక్క తీగ ఎందుకు బాగుంది? ఒకే వేళ్ళు, ఒకే మట్టి, ఒక తీగ మాత్రమే పోయిందంటే లోపం ఆ తీగలోనే ఎక్కడో ఉండాలి.

అప్పుడు లెన్స్ తీసుకుని కింద నుంచి పైకి ఒక్కో కణుపూ చూసుకుంటూ వెళ్ళా. నేల నుంచి 14 సెంటీమీటర్ల ఎత్తులో రెండో కణుపు దగ్గర దొరికింది. ఒక ఆకు కాడ మొదట్లో గోధుమ రంగు మచ్చ, అక్కడ నుంచి తీగ చుట్టూ తిరిగి 6 మిల్లీమీటర్ల వెడల్పున నల్లటి కట్టులా పట్టేసింది. మచ్చకి కింద అంతా పచ్చగా గట్టిగా ఉంది, పైన ఉన్నదంతా చచ్చింది. ఆకు ఈనెలు కూడా ఊదా నలుపు కలిసిన రంగుకి తిరిగాయి. ఇది విల్ట్ తెచ్చే కాలోఫోమా క్లెమాటిడినా అనే ఫంగస్ పని, పాత పుస్తకాల్లో అస్కోకైటా అనో ఫోమా అనో కనిపిస్తుంది, అన్నీ ఒకటే. ఇది ఎక్కువగా ఆకు మీద చిన్న మచ్చగా మొదలై కాడ వెంబడి దిగి కణుపులోకి చేరి, అక్కడ నీళ్ళు పైకెళ్ళే దారి మూసేస్తుంది. మనకి కనిపించేటప్పటికి లోపల పని అయిపోయి ఉంటుంది, అందుకే నిన్న బాగున్న తీగ ఇవాళ హఠాత్తుగా పడిపోయినట్టు అనిపిస్తుంది.

కత్తిరించడం కూడా ఒక్క దెబ్బతో అవ్వలేదు. 12 సెంటీమీటర్ల దగ్గర కోస్తే మధ్యలో గోధుమ రంగు చార కనిపించింది, 9 దగ్గర కోస్తే సన్నగా ఇంకా ఉంది, 5 దగ్గరికి వచ్చాక లోపల శుభ్రంగా లేతాకుపచ్చగా తేలింది, అక్కడ ఆపా. కోతకీ కోతకీ మధ్య బ్లేడుని స్పిరిట్‌తో తుడిచా, తుడవకుండా కోస్తే కింద శుభ్రంగా ఉన్న చోటికి మనమే మోసుకెళ్ళినట్టు. ఆ ముక్కల్ని కంపోస్ట్‌లో వెయ్యకుండా సంచిలో కట్టి పారేశా, కింద రాలిన ఆకులు కూడా ఏరేశా. ఒక్క కణుపు ముక్క మాత్రం తడి టిష్యూలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టా, కొన్ని రోజులకి పది రెట్ల లెన్స్‌లో చూస్తే చచ్చిన తోలు మీద సూదిమొన కన్నా చిన్న ముదురు చుక్కలు వరసగా లేచి కనిపించాయి. ఈ ఫంగస్ బీజాలుండే బుడిపెలు అలాగే ఉంటాయి. చచ్చిన కొమ్మల మీద వేరే ఫంగస్‌లకి కూడా అలాంటివి వస్తాయి కాబట్టి ఇదొక్కటే రుజువని అనను, కానీ కణుపు మచ్చ, నల్ల ఈనెలు, చుక్కలు మూడూ కలిస్తే నాకు అనుమానం లేదు.

ఆ కణుపులోకి ఎలా దిగిందన్నది ఇంకా ఆలోచిస్తున్నా. నా ఊహ ఏంటంటే ట్రెల్లిస్ (తీగ పాకే పందిరి చట్రం) కర్రలు 20 మిల్లీమీటర్ల మందం, క్లెమాటిస్ పట్టుకునేది ఆకు కాడలతో, అంత లావు కర్ర చుట్టూ అవి తిరగలేవు, దాంతో తీగ గాలికి ఊగి కర్రకి రాసుకుంటూ ఉంది. మచ్చ ఉన్న కణుపు సరిగ్గా ఆ రాపిడి తగిలే ఎత్తులోనే ఉంది. లేత తీగ అక్కడ 3 మిల్లీమీటర్లే, తోలు చీలితే ఫంగస్‌కి తలుపు తీసినట్టే. ఇప్పుడు కర్రల మీద సన్నటి నెట్ కట్టా, 2 మిల్లీమీటర్ల దారం, రెండో రోజుకే కాడలు చుట్టేసుకున్నాయి. ట్విస్ట్ వైర్ టైలు నాకు అస్సలు నచ్చవు, లేత క్లెమాటిస్ తీగ వంచితే పుటుక్కున విరుగుతుంది, వైరు అంచు దాన్ని కోస్తుంది కూడా. మెత్తటి వెల్క్రో టై వదులుగా పెడితే చాలు, మిగతాది కాడలే చూసుకుంటాయి.

ఇప్పుడు ఇవాళ్టి తీగ. పైకి చూస్తే అదే వాలడం, కానీ ఈనెలు పచ్చగానే ఉన్నాయి, ఏ కణుపు దగ్గరా మచ్చ లేదు. కణుపులన్నీ చూసుకుంటూ కిందికి దిగితే మల్చ్ (మట్టి మీద తడి ఆరకుండా కప్పే పొర) పక్కకి జరిపాక దొరికింది, నేల నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులో మొదలై రెండు సెంటీమీటర్ల మేర తోలు గీరేసి ఉంది, చుట్టూతా, లోపలి తెల్లటి నార కనిపిస్తోంది. పక్కన ఆకు మీద ఎండిన జిగురు చార మెరుస్తోంది. స్లగ్స్, అంటే గుల్ల లేని నత్తలు! రాత్రి పది దాటాక టార్చి వేసి చూస్తే మల్చ్ అంచున 2, 3 సెంటీమీటర్ల బూడిద రంగువి తిరుగుతూనే ఉన్నాయి. అవి తీగని పూర్తిగా కొరికెయ్యవు, లేత తోలు చుట్టూ గీకేస్తాయి, తీగ నిలబడే ఉంటుంది, పైకి నీళ్ళు మాత్రం అందవు. దూరం నుంచి చూసినవాళ్ళు విల్ట్ అని ప్రమాణం చేసి చెప్తారు.

కాబట్టి తీగ వాలితే నేను ఇకనుంచి చూసే వరస ఇది. ముందు మట్టి తడి, తర్వాత రాత్రి నీళ్ళు పోసి పొద్దున లేచిందా లేదా, తర్వాత మల్చ్ జరిపి తీగ మొదలు, ఆ తర్వాత కణుపులు, చివరగా ఈనెల రంగు. ఈనెలు నల్లబడకుండా మొదట్లో తోలు లేకపోతే స్లగ్స్, మొదలు బాగుండి కణుపు దగ్గర నల్ల కట్టు ఉంటే ఫంగస్. రెండిటికీ మందులు పూర్తిగా వేరు కదా, అందుకే ఈ తేడా పట్టుకోవడం అంత ముఖ్యం.

ఫంగస్‌కి స్ప్రేలు కొట్టమని సలహాలు బోలెడు వస్తాయి, నాకు వాటి మీద నమ్మకం లేదు, వాలిన తీగ లోపల దారి ఎలాగూ మూసుకుపోయింది, పైన మందు కొట్టి దాన్ని తెరవలేం. శుభ్రంగా కోసెయ్యడం, రాలిన ఆకులు ఏరెయ్యడం, ఆకులు తడవకుండా మొదట్లోనే నీళ్ళు పొయ్యడం, అంతే. నైట్రోజన్ ఎక్కువున్న ఎరువు కూడా ఆపేశా, దాంతో తీగ మెత్తగా నీరు పట్టినట్టు పెరుగుతుంది, స్లగ్స్‌కి కావాల్సింది అదే. పొటాష్ ఎక్కువుండే టమాటా లిక్విడ్ ఫీడ్ సగం మోతాదులో ఇస్తున్నా.

స్లగ్స్‌కి రాగి టేపు కట్టమంటారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ళు 2018లో లెట్యూస్ మీద రాగి టేపు, గుడ్డు పెంకులు, గ్రిట్ (గరుకు రాతి నూక), ఉన్ని గుళికలు, పైన్ బెరడు మల్చ్ అన్నీ పెట్టి చూస్తే ఏవీ పెట్టని వాటికీ వీటికీ నష్టంలో తేడా తేలలేదు, కాబట్టి నేను టేపు జోలికి పోను. స్లగ్స్‌ని చంపే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు పలచగా చల్లా, గుప్పెళ్ళతో కుప్పలు పొయ్యక్కర్లేదు. రాత్రి టార్చి వేసి ఏరడం దానికన్నా బాగా పనిచేస్తోంది. మల్చ్‌ని మొదలు నుంచి 15 సెంటీమీటర్ల దూరానికి జరిపా. ఇంకో మాట, క్లెమాటిస్ వేళ్ళు చల్లగా ఉండాలని మొదట్లో రాతి పలకలు పరుస్తారు, ఎండ మండే చోట ఏమో గానీ చలి ప్రాంతంలో నేల ఎలాగూ చల్లగానే ఉంటుంది, మొక్కకి కావాల్సింది ఆరిపోని తడి, ఆ పలక కింద చేరేది స్లగ్స్ మాత్రమే. దాని బదులు కాస్త ఎడంగా చలికి తట్టుకునే పొట్టి పూలమొక్క హార్డీ జెరేనియం పెట్టుకోవడం నయం.

కత్తెర సంగతి కూడా, ఫెల్కో 2 అనే తోట కత్తెర గులాబీలకి నాకు ప్రాణం, కానీ 3 మిల్లీమీటర్ల క్లెమాటిస్ తీగల మధ్యలోకి దాని తల దూరదు, పక్క తీగకి తగులుతుందేమోనని భయం. దీనికి సన్నటి మొనలున్న చిన్న స్నిప్స్ బాగుంటాయి.

ఇంత జరిగినా ఒక్క మంచి సంగతి. ఇవాళ మల్చ్ జరిపినప్పుడు, మేలో కోసిన మోడు పక్కన మట్టిని చీల్చుకుని రెండు కొత్త మొలకలు కనిపించాయి, ఒకటి 3 సెంటీమీటర్లు, ఇంకోటి ఇప్పుడే తల ఎత్తింది, ఎర్రటి చివర్లతో బొద్దుగా. ప్రాణం లేచొచ్చింది! ఇవి భూమిలో ఉన్న కణుపుల నుంచి వచ్చినవి, 7 సెంటీమీటర్లు లోతుగా నాటమనేది ఇందుకే, పైనున్నదంతా పోయినా కింద ఇంకా మొగ్గలుంటాయి. ప్లాస్టిక్ సీసా అడుగూ మెడా కోసేసి గొట్టంలా చేసి, కింది అంచు 4 సెంటీమీటర్లు మట్టిలోకి గుచ్చి వాటి చుట్టూ పెట్టా. తీగ పెన్సిలంత లావై కింద తోలు బెరడు కట్టేదాకా అది తియ్యను.

ఇక ముందు ఏంటంటే, స్లగ్స్‌కి నెమటోడ్స్ (వాటిని చంపే, కంటికి కనిపించని పురుగులు) తెప్పిస్తా. నేల 5 డిగ్రీలు దాటి తడిగా ఉంటే చాలు అవి పనిచేస్తాయి, ఇప్పుడు ఒకసారి పోసి వచ్చే వసంతంలో మొలకలు లేవకముందే మళ్ళీ పోస్తే లేత తీగల సమయానికి స్లగ్స్ తక్కువుంటాయి. నెల్లీ మోజర్‌ని పీకను, 1897 నుంచి ఇన్ని తోటల్లో బతుకుతున్న రకం, పైగా ఆ లేత గులాబీ పూరేకుల మధ్య ముదురు చార నీడలో వెలిసిపోకుండా ఉంటుందనే దానికి ఆ గోడ ఎంచుకున్నా. వచ్చే మార్చిలో మళ్ళీ 30 సెంటీమీటర్లకి కోస్తా, పూలు ఇంకో ఏడాది ఆలస్యమైనా సరే.

కానీ కొత్తగా కొనేవి మాత్రం పెద్ద పూల హైబ్రిడ్‌లు తగ్గించి, విల్ట్ పెద్దగా అంటని చిన్న పూల క్లెమాటిస్ జాతులు, విటిసెల్లాలు, ఆల్పినాల వైపు పోతా. చలి దేశాల్లో తయారైన రకాల మీద నాకు గురి ఎక్కువ, పోలిష్ స్పిరిట్ వార్సాలో స్టెఫాన్ ఫ్రాన్‌చాక్ అనే జెస్యూట్ బ్రదర్ (క్యాథలిక్ సన్యాసి) తయారుచేసిన రకం, పీలు ఎస్టోనియాలో కివిస్టిక్ కుటుంబం వాళ్ళది, రెండూ నా దగ్గర పేచీ పెట్టలేదు. ఉత్తరం వైపు కంచె ఖాళీగా ఉంది, అక్కడికి ఆల్పినా ఫ్రాన్సిస్ రివిస్ అనుకుంటున్నా, వసంతం మొదట్లోనే పూస్తుంది, చలికి జంకదు, మొదటి గ్రూపు కాబట్టి కుదురుకున్నాక పూలయ్యాక కాస్త సర్దితే చాలు. సెప్టెంబర్‌లోనే నాటాలి. ఈలోగా ఆ కంచెకి కూడా 2 మిల్లీమీటర్ల నెట్ కట్టేసి, పోలిష్ స్పిరిట్ తీగ ఒకటి నేలకి వంచి కణుపు దగ్గర మట్టి కప్పి వేళ్ళు వస్తాయేమో చూస్తా, వస్తే అది కంచె రెండో చివరకి.