జోన్‌లో కాలినడక

అమలాపురంలో మా మేడ మీది గదిలో కూర్చుని ఈ మధ్య రాత్రిళ్లు ‘స్టాకర్ 2: హార్ట్ ఆఫ్ చోర్నోబిల్’ అనే వీడియో గేమ్ ఆడుతున్నాను. చోర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత జనాన్ని ఖాళీ చేయించిన ‘జోన్’లో సాగే ఆట ఇది. 2007లో మొదలైన ఈ వరుసలో 2009 తర్వాత మళ్లీ కొత్త ఆట రావడానికి 2024 నవంబరు దాకా పట్టింది. యుద్ధం మధ్యనే ఉక్రెయిన్ బృందం జీఎస్‌సీ గేమ్ వరల్డ్, కొందరు ప్రాగ్‌లోనూ కొందరు స్వదేశంలోనూ ఉండి, దీన్ని పూర్తిచేసిందంటే నాకు ఎంతో గౌరవం.

ఇందులో తుపాకీ కంటే ముఖ్యమైనది ఇనుప బోల్టు. ఎదురుగా గాలి సన్నగా వణికినట్టు కనిపిస్తే అక్కడికి బోల్టు విసరాలి. అది తగలగానే దాగి ఉన్న అనామలీ, అంటే అడుగుపెడితే ప్రాణం తీసే వింత చోటు, పెద్ద చప్పుడుతో బయటపడుతుంది, అది మళ్లీ కూడదీసుకునేలోగా మనం పక్కనుంచి దాటిపోవాలి. ఆకాశం ఎర్రబడి ఎమిషన్ అనే ప్రాణాంతకమైన తుపాను మొదలైతే, ఎంతటి పోరాటమైనా వదిలేసి కప్పు కిందికి పరుగెత్తవలసిందే. తుపాను హెచ్చరిక వినగానే పడవలు ఒడ్డుకు లాగి కట్టేసే సీమలో పెరిగినవాణ్ణి కనుక, ఆ తొందర నాకు బాగా తెలిసినదే అనిపించింది.

కాల్పులు బాగానే ఉన్నాయి. అయితే ఈ ఆటకు ప్రాణం నడకే అని నా అభిప్రాయం. డబ్బు తీసుకుని ఒక స్థావరం నుంచి మరొక స్థావరానికి చేర్చే గైడ్లు ఉన్నా, వానలో తడుస్తూ, డిటెక్టర్ చప్పుడు వింటూ, 1986 ప్రమాదం ఖాళీ చేయించిన ఆ ఊళ్ల మధ్య నడిచి వెళ్లడమే నాకు ఇష్టం.