"కళ్ళ పరీక్ష అయిందా?"

మా బాబు 29 వారాలకే పుట్టాడు. 1,180 గ్రాములు. ఉమ్మనీరు పోయిందని రాత్రికి రాత్రే నన్ను ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చారు. పుట్టగానే వాణ్ణి బాక్సులో పెట్టేశారు. నేను మూడో రోజుకి గానీ చూడలేదు.

ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, పాదానికి చుట్టిన పట్టీలో ఎర్రగా వెలిగే చిన్న దీపం. పక్కన మానిటర్లో ఆక్సిజన్ అంకె. అది 100 చూపిస్తే నేనూ మా అమ్మా సంబరపడిపోయేవాళ్ళం. నెలలు నిండని బిడ్డకి ఆక్సిజన్ పెట్టినప్పుడు ఆ అంకె 95 దాటకుండా చూసుకోవాలట. ఎక్కువైతే కంటి వెనక రక్తనాళాలు దెబ్బతింటాయట. ఇదంతా తర్వాత తెలిసింది. రాత్రిపూట ఎనిమిది మంది పిల్లలకి ఒక్క సిస్టరే. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఒక్కదాన్నే పెట్టినవాళ్ళ మీద ఉంది.

41వ రోజున ఇంటికి పంపారు. పాలు ఎన్ని గంటలకోసారి, ఐరన్ చుక్కలు ఎన్ని, అన్నీ కాగితంలో రాశారు. కళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

53వ రోజున టీకాకి మా ఊరి పీహెచ్‌సీకి వెళ్ళాం. నర్సమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏమ్మా, నెలలు తక్కువ బిడ్డ కదా, కళ్ళ పరీక్ష అయిందా?" అంది. కాలేదన్నాను. ఆవిడ సూది పక్కన పెట్టేసి ఫోను తీసింది. మర్నాడు పొద్దున్నే హైదరాబాద్‌లో కంటి ఆస్పత్రిలో ఉన్నాం.

చుక్కలు వేసి, తీగలాంటి దాంతో రెప్పలు తెరిచి పట్టారు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే కాళ్ళు పట్టుకున్నది నేనే. నెలలు నిండేదాకా కంటి వెనక పొర, అంటే రెటీనా మీద రక్తనాళాలు పెరుగుతూనే ఉంటాయని, వీడికి అవి దారితప్పి పెరిగాయని డాక్టరుగారు చెప్పారు. జబ్బు పేరు ఆర్‌ఓపీ. నెలలు తక్కువ పిల్లలకి మామూలుగా పుట్టిన 30 రోజుల లోపు కళ్ళు చూడాలట, 1,200 గ్రాముల కంటే తక్కువుంటే మూడు వారాల లోపే. ఎడమ కంటికి ఆ రోజే లేజర్ చేశారు. కుడి కంట్లో రెటీనా అప్పటికే కొంత ఊడొచ్చింది. ఆ వారంలోనే ఆపరేషన్ చేసినా చూపు కొద్దిగానే మిగిలింది.

పాత ఆస్పత్రికి వెళ్ళి అడిగితే, "నోటితో చెప్పాం, మీరే మర్చిపోయుంటారు" అన్నారు. బిడ్డ చెమ్చాడు పాలు ఎక్కువ తాగినా గుర్తుపెట్టుకున్నదాన్ని, ఈ మాట మర్చిపోతానా? వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. మద్రాసులో 1996లో 29 వారాలకే పుట్టిన ఒక పాప ఇలాగే పరీక్ష చేయక రెండు కళ్ళూ పోగొట్టుకుంది. 2015లో సుప్రీంకోర్టు దాదాపు కోటీ 80 లక్షలు పరిహారం ఇమ్మంది. ఆ తీర్పు కాపీ మా ఫైల్లో పైనే ఉంది. ఆ పాపకి పద్దెనిమిదేళ్ళు దాటాక వచ్చిన తీర్పది.

మావాడికిప్పుడు మూడేళ్ళు. మందపాటి కళ్ళద్దాలు, వెనక ఎలాస్టిక్ పట్టీ. ఏం చూడాలన్నా తల కుడి వైపుకి తిప్పి ఎడమ కన్ను ముందుకి తెస్తాడు. మొన్న వంటింటి గోడ దగ్గర అలాగే తల తిప్పి చాలాసేపు నిలబడ్డాడు. ఏంట్రా అంటే, "అమ్మా, చీమ బెల్లం మోస్తోంది" అన్నాడు. వంగి చూస్తే నిజమే.