హినోకి వాసన వెంట కిసో లోయకు

ఇంట్లో వాడుకునే చెక్క వస్తువులు డిజైన్ చేయడం నా పని. వడ్రంగి చిత్రిక పడుతున్నప్పుడు గదంతా నిండే వాసన, వస్తువు తయారై పాలిష్ పడేసరికి మాయమైపోతుంది. కిందటేడు ఇష్టంగా చేయించిన ఒక పెట్టె మూత తీస్తే వార్నిష్ వాసన తప్ప ఇంకేం రాలేదు. ఆ బాధే నన్ను జపాన్‌లోని కిసో లోయ దాకా నడిపించింది.

నగోయా నుంచి రైల్లో అగెమత్సు చేరి, అక్కణ్ణుంచి బస్సులో అకసవా అడవికి వెళ్లాను. ఎక్కువగా మూడు వందల ఏళ్లు దాటిన హినోకి చెట్లే. హినోకి అంటే మంచి వాసనుండే జపాన్ సైప్రస్ చెట్టు. ఎడో యుగంలో (1603–1868) ఇక్కడ హినోకితో కలిపి అయిదు రకాల చెట్లను కొట్టకూడదని కట్టడి ఉండేది. చెట్టు కొడితే తల పోతుందని చెప్పుకునేవాళ్లట. 1982లో జపాన్‌లో తొలి 'అడవి స్నానం', అంటే అడవి గాలి పీలుస్తూ నింపాదిగా తిరగడం, జరిగింది కూడా ఇక్కడే. కానీ నిలబడి ఉన్న చెట్ల దగ్గర నేను వెతుక్కుంటూ వచ్చిన వాసన లేదు. తడి మట్టి, ఆకుల పచ్చి వాసన, అంతే.

అది ఊళ్లో ఒక చిన్న వర్క్‌షాపులో దొరికింది. స్నానాల గది పీటలు చేసే పెద్దాయన చిత్రిక లాగి, రాలిన పొర నా చేతిలో పెట్టారు. ఉల్లిపొర కన్నా పల్చగా ఉంది, వెలుతురుకి పెడితే అవతల నా వేళ్లు కనిపిస్తున్నాయి. తర్వాత మూలనున్న పాత పీట తెచ్చారు. బూడిద రంగుకి తిరిగింది, వాసనే లేదు. దాని మీద వేడినీళ్లు పోశారు. అంతే! నిమ్మతొక్క గిల్లినట్టు ఒక ఘాటు, దాని వెనకే కర్పూరం లాంటి చల్లదనం. చెక్కకి వాసననిచ్చే ఆల్ఫా-పైనీన్ లాంటి నూనెలు వేడికి తేలిగ్గా ఆవిరవుతాయని చదివాను గానీ, అప్పటిదాకా నా ముక్కుకి తెలియదు. పీటకి రంగు లేదు, పాలిష్ లేదు. వాసన తగ్గితే గరుకు కాగితంతో పైపైన రుద్దితే చాలట. మేమేమో చెక్కకి ఊపిరాడకుండా పూత పూసి, పైన సెంటు చల్లుతున్నాం.

వచ్చేటప్పుడు ఆయన అడ్డకోత ముక్క ఒకటి ఇచ్చారు. రాత్రి గదిలో దాని మీదే వేడి టీ కప్పు పెట్టి, నోట్‌బుక్‌లో పెట్టె బొమ్మ మళ్లీ గీశాను, ఈసారి లోపల పూత లేకుండా. కప్పు తీస్తే చెక్క మీద గుండ్రటి తడి మచ్చ. ఇదివరకైతే గబగబా తుడిచేసేదాన్ని. ముక్కుకి దగ్గరగా పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.