లేక్ ఫోర్క్‌లో 18 అడుగుల లోతున

టెక్సాస్‌లో గ్రీన్‌విల్ దాటి 69వ నంబర్ హైవే మీద లోన్ ఓక్, ఎమొరీ ఊళ్ల మీదుగా పోతుంటే డాలస్ గాలి ఎక్కడా తగలదు. పశువులు మేసే బీళ్లు, ఆకు రాల్చిన ఓక్ చెట్లు, అక్కడక్కడ ఎరలు అమ్మే కొట్లు. ఫిబ్రవరి మొదట్లో ఒక శనివారం తెల్లారకముందే బావగారూ నేనూ డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి లేక్ ఫోర్క్‌లో క్రాపీ అనే మంచినీటి చేపలు పట్టడానికి బయల్దేరాం. ఆయనది భీమవరం దగ్గర పల్లె. చేపల చెరువుల మధ్యే పెరిగారు. గాలం వేయడం ఆయనకి ఒకరు నేర్పాల్సిన పని కాదు. కానీ గ్రాము, రెండు గ్రాముల బరువుండే జిగ్‌ని (తలకి లోహపు గుండు అతికించిన కొక్కెం) సన్న దారం మీద సరిగ్గా అనుకున్న లోతుకి దించి అక్కడ నిలబెట్టడం వేరే విద్య. అది నేర్చుకోవడానికే ఆ రోజు గైడ్‌ని మాట్లాడుకున్నాం.

లేక్ ఫోర్క్ 1980లో పూర్తయిన ఆనకట్ట వెనక ఏర్పడ్డ జలాశయం. విస్తీర్ణం సుమారు 27,000 ఎకరాలు. నీళ్లు నింపేముందు అడవిని పూర్తిగా నరకలేదు కాబట్టి ఎండిన మాన్లు నీళ్లలో ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. చలికాలంలో క్రాపీలు ఆ మాన్ల చుట్టూ గుంపులుగా చేరతాయి. నిజానికి ఈ చెరువు పేరు చెబితే అమెరికాలో ఎవరికైనా గుర్తొచ్చేది బాస్ చేప. టెక్సాస్ రాష్ట్ర రికార్డు బాస్, 18.18 పౌన్లది, 1992 జనవరిలో ఇక్కడే పడింది. తమాషా ఏంటంటే దాన్ని పట్టిన బ్యారీ సెయింట్ క్లెయిర్ ఆ రోజు వచ్చింది క్రాపీల కోసమే. మా గైడ్ పెద్దాయన ఈ కథ పడవ ఎక్కగానే చెప్పాడు. వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతాడనుకుంటా.

మొదటి మాను దగ్గర నీటి లోతు 35 అడుగులు. పడవ ముందుభాగంలో ఉన్న సోనార్ (శబ్దతరంగాలతో నీళ్లలో ఉన్నవాటిని చూపించే పరికరం) తెరలో చేపలు మాత్రం 18, 20 అడుగుల మధ్య కదలకుండా ఉన్నాయి. ఈ కొత్తరకం సోనార్ వాడటం వేట కాదు, మోసం అనేవాళ్లు టెక్సాస్‌లో చాలామందే ఉన్నారు. నేర్చుకునేవాడికి మాత్రం అంతకంటే మంచి బడి లేదని నా అభిప్రాయం. ఎందుకంటే అందులో చేపలే కాదు, మన జిగ్ దిగడం కూడా కనిపిస్తుంది. తెర మీద చిన్న తెల్ల చుక్క మెల్లగా కిందికి జారుతుంటుంది. ఇన్నాళ్లూ ఊహించుకున్నది కళ్లతో చూడొచ్చు.

జిగ్ ఔన్సులో 16వ వంతు, అంటే 1.8 గ్రాములు. దాని వెనక రెండంగుళాల ప్లాస్టిక్ తోక. దారం 8 పౌన్ల నైలాన్, అంటే అంత బరువు దాకా తెగనిది. బావగారు దించుతూ లెక్క మొదలెట్టారు: "లాభం, రెండు, మూడు..." ధాన్యం కొలిచే లెక్కే. ఏడు దగ్గర "ఆరున్నొక్కటి" అనేసరికి కాస్త సాగింది. నాకు నవ్వొచ్చింది గానీ గైడ్‌కి అదేం పట్టలేదు. లెక్క సెకన్లతో కలవక్కర్లేదు, ప్రతిసారీ ఒకేలా ఉంటే చాలు అన్నాడు. పాయింటే అది. లోతు తెలిసినచోట ఒకసారి అడుగు తగిలేదాకా దించి లెక్కపెట్టుకుంటే, ఆ జిగ్‌కీ ఆ దారానికీ మన లెక్కలో ఒక అడుగుకి ఎంతో తేలిపోతుంది. మా జిగ్ ఇంచుమించు సెకనుకి ఒక అడుగు దిగింది. జిగ్ మార్చినా దారం మార్చినా లెక్క మళ్లీ మొదటికే.

క్రాపీ పైకి చూసే చేప. తన తల మీద ఉన్న ఎర కోసం లేస్తుంది, కిందికి జారిపోయిన దాన్ని పట్టించుకోదు. అందుకే 18 అడుగుల దగ్గర చేప ఉంటే జిగ్ 16, 17 దగ్గరే ఆగాలి. ఇంకా లోతుగా దించుదామనే తొందర మనలో ఎందుకుంటుందో తెలీదు. తెర మీద మాత్రం స్పష్టంగా కనిపించింది: చుక్క చేపల గుంపు కిందికి వెళ్తే ఒక్క చేపా కదల్లేదు. రెండడుగులు పైకి లాగి పట్టుకుంటే ఒకటి లేచి వచ్చింది.

తొమ్మిదిన్నరకి దక్షిణపు గాలి లేచింది. పడవ నిలవడం లేదు, దారం ఏటవాలుగా పోతోంది. సరిగ్గా ఇక్కడే లెక్క తప్పుతుంది. దారం నిలువుకి 30 డిగ్రీలు వాలితే, 20 అడుగులు వదిలినా జిగ్ ఉండేది 17 అడుగుల పైచిలుకు లోతులోనే. పైగా దారం మధ్యలో విల్లులా వంగుతుంది. ఆ వంపు జిగ్‌ని పైకి ఎత్తుతూనే ఉంటుంది.

"బరువు పెంచేద్దాం, రెట్టింపుది వేస్తే సరిపోదా?" అన్నారు బావగారు. అలా వేస్తే కిందికి పోతుంది, నిజమే. కానీ రెట్టింపు బరువుకి రెట్టింపు వేగం రాదు, అదే తోక ఉంచితే ఒకటిన్నర రెట్ల లోపే. అసలు చిక్కు అది కాదు. చన్నీళ్లలో మందకొడిగా ఉన్న చేప అంత వేగంగా జారే ఎర వెంట పడదు. గైడ్ జిగ్ ముట్టుకోలేదు, దారం మార్చాడు. 8 పౌన్ల నైలాన్ మందం పావు మిల్లీమీటరు, 4 పౌన్లది 0.20 మిల్లీమీటర్లు. చేత్తో పట్టుకుంటే తేడా తెలీదు. కానీ 20 అడుగుల పొడవునా నీరు పట్టి ఆపే దారం అయిదో వంతు సన్నబడింది. తెరలో అదే చుక్క ఇంచుమించు నిటారుగా దిగింది. అల్లిన దారం ఇంకా సన్నం కదా అని అడిగాను. అది నీళ్లలో తేలే రకం, తేలిక జిగ్ మీద గాలికి పైనే ఊగుతుంది, నాకు నచ్చదు అన్నాడాయన. అది వాడేవాళ్లు కొసన ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ దారం ముక్క కడతారట. ఫ్లోరోకార్బన్ నీళ్లలో మునుగుతుంది.

దించే పద్ధతిలో కూడా రెండు రకాలున్నాయి. రీల్ తెరిచి వదిలేస్తే జిగ్ నిటారుగా, వేగంగా పోతుంది. కానీ దారం వదులుగా ఉండటంతో చేప నోట్లో పెట్టుకుని ఉమ్మేసినా చేతికి తెలీదు. రీల్ మూసి బిగువుగా పట్టుకుంటే జిగ్ మనవైపు ఊగుతూ, అనుకున్న లోతుకి రాకుండానే వచ్చేస్తుంది. గైడ్ ఈ రెండిటికీ మధ్య దారి పట్టాడు. చూపుడువేలితో దారం చుట్టిన స్పూల్ అంచుని ఆనీ ఆననట్టు తాకుతూ, రాడ్ (గాలం కర్ర) కొసని జిగ్‌తోపాటే నీటివైపు దించాడు. దారం వదులూ కాదు, టెన్షనూ లేదు. చూపు మాత్రం దారం మీదే. పదహారు లెక్కపెట్టాల్సిన చోట పదకొండుకే దారం ఆగిపోతే, కింద ఏదో పట్టినట్టే. బావగారికి ఆ రోజు పడ్డవాటిలో సగం ఇలా దిగుతుండగా పడ్డవే. చేప లాగినట్టు రాడ్‌లో ఒక్క కుదుపు కూడా తెలీలేదు.

ఇంకో చిన్న సంగతి నేను పక్కనే కూర్చుని చూశాను. చేప తీసిన ప్రతిసారీ గైడ్ బొటనవేలి గోటితో ముడిని కొంచెం వెనక్కి జరిపేవాడు. లాగుడుకి ముడి కొక్కెం కన్నులో ముందుకి జారుతుంది. అప్పుడు జిగ్ తల పైకెత్తి నిలువుగా వేలాడుతుంది. ముడి సరైన చోట ఉంటేనే జిగ్ నీళ్లలో చిన్న చేపలా అడ్డంగా ఉంటుంది. అడ్డంగా ఉన్నది దిగడం కూడా నెమ్మదే. బరువూ దారమూ మార్చకుండా వేగం తగ్గించే పద్ధతి ఇది. ఎంతమంది చేస్తారో!

మధ్యాహ్నానికి గాలి మరీ పెరిగి మాన్ల దగ్గర నిలవలేక 154వ నంబర్ రోడ్డు వంతెన కిందికి వెళ్లాం. అక్కడ స్తంభాల పక్కకి విసిరి, లెక్కపెట్టి, మెల్లగా చుట్టడమే పని. వేగంగా చుడితే జిగ్ పైకి లేస్తుంది, మరీ నెమ్మదిస్తే కిందికి జారుతుంది. అక్కడ చిన్నవే పడ్డాయి. మామూలుగా టెక్సాస్‌లో పదంగుళాల లోపు క్రాపీని వదిలేయాలి. ఇక్కడ మాత్రం మేం వెళ్లినప్పటి నియమం ప్రకారం డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా పడ్డ ప్రతిదాన్నీ ఉంచుకోవాలి, మనిషికి 25 అయ్యాక ఆపేయాలి. లోతు నుంచి ఒక్కసారిగా పైకి లాగిన చేప వదిలినా బతకడం కష్టం కాబట్టి ఈ రూల్. మంచి రూల్ అనే అంటాను. మాకు ఇద్దరికీ కలిపి ఆ లెక్క దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ఒడ్డున గైడ్ కరెంటు కత్తితో చకచకా ముళ్లు లేని ముక్కలు తీస్తుంటే, కొన్నిటిని తలతో సహా అలాగే ఇవ్వమన్నారు బావగారు. పులుసుకి తల లేకపోతే ఎలా? గైడ్ ఆశ్చర్యపోతూనే సంచీలో వేసిచ్చాడు. మార్చి చివర్లో చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చాక లోతు మూడు నాలుగు అడుగులే ఉంటుందట. ఒక గ్రాము జిగ్ మీద బెండు కట్టుకుంటే సరి, లెక్కలతో పన్లేదన్నాడు. బావగారు అక్కడే అడ్వాన్స్ ఇచ్చేశారు.